నాకు వచ్చిపోయిందా?

2020 మార్చి 13న ఏపీ సంపర్క్ క్రాంతి ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ నుంచి రామగుండానికి ప్రయాణించినవాళ్లలో 8 మందికి కరోనా ఉన్నట్టు తేలిందని రైల్వే శాఖ ఆ తర్వాతి వారంలో ప్రకటించింది. వాళ్లు మన స్టేషన్‌లో దిగి కరీంనగర్ వెళ్లారు. కరీంనగర్‌లో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరగడం దేశమంతా టీవీల్లో చూసింది. రామగుండం మాత్రం ఆ కథలో ఒక స్టేషన్ పేరుగానే మిగిలింది. ప్లాట్‌ఫారం మీద, ఆటోస్టాండ్‌లో, టీకొట్టు దగ్గర ఆ వైరస్ ఇంకెవరికైనా అంటిందా అన్నది ఆ రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి తేల్చే వీలు లేని ప్రశ్న. జ్వరమో దగ్గో ఉండి, కరోనా వచ్చినవాళ్లతో సంబంధం ఉన్నట్టు తేలితేనే పరీక్ష. ఏ లక్షణమూ లేనివాడి దగ్గరికి ఎవరూ రాలేదు.

ఆ వేసవి దాటాక జ్యోతినగర్ మార్కెట్‌లోనైనా, గోదావరిఖని చౌరస్తాలోనైనా, ఎనిమిదో ఇంక్లైన్ కాలనీలోనైనా ఒకటే ప్రశ్న. ‘మార్చిలో నాలుగు దినాలు ఒళ్లు కాలింది, వాసన కూడా తెల్వలే. నాకు వచ్చిపోయిందంటవా?’ వచ్చిపోయిందని తేలితే మాస్కు తీసేయొచ్చని ఒకరి ఆశ. మొదటి షిఫ్టుకు భయం లేకుండా గనిలోకి దిగొచ్చని ఇంకొకరి ఆశ. ఇంట్లో ముసలి తల్లి ఉన్నవాడికి ఆమె దగ్గర కూర్చోవచ్చని. ఆ ఆశ మీదే ప్రైవేటు ల్యాబుల్లో యాంటీబాడీ పరీక్షలు జోరుగా సాగాయి. ఆ పరీక్ష ఊరి గురించి చాలా మంచి సాక్ష్యం చెప్పగలదని, మనిషి గురించి మాత్రం అది చెప్పే సాక్ష్యాన్ని అంత సులువుగా నమ్మకూడదని ఈ అధ్యాయంలో చెప్పబోతున్నాను.

ముందు ఆ పరీక్ష దేన్ని చూస్తుందో చూద్దాం. ముక్కులోంచి, గొంతులోంచి తీసిన నమూనాలో వైరస్ జన్యుపదార్థాన్ని వెతికేది ఆర్‌టీ-పీసీఆర్. అదే ముక్కులో వైరస్ ప్రొటీన్ ముక్కను వెతికేది యాంటీజెన్ పరీక్ష. మన ఆసుపత్రుల ముందు జనం బారులు తీరింది ఎక్కువగా దీనికే. రెండూ ఈ పూట సంగతి చెబుతాయి, వైరస్ వెళ్లిపోయాక వాటికి పని లేదు. యాంటీబాడీ పరీక్ష రక్తంలో వైరస్‌ను వెతకదు. వైరస్‌ను చూసి మన శరీరం తయారుచేసుకున్న ప్రొటీన్లను వెతుకుతుంది. తెల్ల రక్తకణాల్లో బి-కణాలు అనే రకం వీటిని తయారుచేస్తాయి. మొదట్లో ఐజీఎం అనే రకం ఎక్కువగా వస్తుంది, కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఐజీజీ దాని వెంటే వచ్చి ఎక్కువ కాలం ఉంటుంది. పాత ఇన్ఫెక్షన్‌కు గుర్తుగా చూసేది ఈ ఐజీజీనే.

తయారీకి సమయం పడుతుంది. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కూడదీసి కోక్రేన్ సంస్థ 2020 జూన్‌లో ఒక సమీక్ష వేసింది. నిజంగా కరోనా వచ్చినవాళ్లలో, లక్షణాలు మొదలైన మొదటి వారంలో యాంటీబాడీ పరీక్ష పట్టుకున్నది 30 శాతం మందినే. రెండో వారంలో 72 శాతం. మూడో వారంలో 91. అంటే జ్వరం వచ్చిన మూడో రోజున ఈ పరీక్ష చేసి ‘నెగటివ్’ అని కాగితం ఇస్తే, ఆ కాగితం విలువ దాదాపు సున్నా.

ఈ చిన్న సంగతి పట్టించుకోకపోవడం వల్ల 2020 ఏప్రిల్‌లో దేశమంతా ఒక రభస జరిగింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) రెండు చైనా కంపెనీల నుంచి సుమారు 5 లక్షల ర్యాపిడ్ యాంటీబాడీ కిట్లు తెప్పించి రాష్ట్రాలకు పంచింది. వేలి నుంచి చుక్క రక్తం, పావుగంటలో ఫలితం. రోగం ఉన్నట్టు ముందే తేలినవాళ్ల మీద వాడి చూస్తే 5.4 శాతమే సరిగ్గా చెబుతున్నాయని రాజస్థాన్ చేతులెత్తేసింది. ఏప్రిల్ 21న ఐసీఎంఆర్ రెండు రోజులు ఆగమంది. 27న వాటిని తిప్పి పంపేయమంది. కిట్లు నాసిరకానివే, అందులో సందేహం లేదు. అయితే మేలైన కిట్ ఇచ్చినా, నిన్న మొన్న జబ్బుపడినవాళ్ల రక్తంలో యాంటీబాడీ వెతికితే చాలామందిలో దొరకదు. ఈ కిట్లు జబ్బు నిర్ధారణకు కాదు, ఒక ప్రాంతంలో వ్యాప్తిని అంచనా కట్టడానికి అని ఐసీఎంఆర్ చెబుతూనే వచ్చింది. ఆ మాటను చెవిన పెట్టినవాళ్లు తక్కువ.

మన పక్క రాష్ట్రంలో జరిగింది ఇంకో ముచ్చట. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దక్షిణ కొరియా నుంచి లక్ష ర్యాపిడ్ కిట్లు తెప్పించింది. ఏప్రిల్ 17న అవి దిగగానే అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి తానే పరీక్ష చేయించుకున్నారు. నెగటివ్ వచ్చింది. కిట్ ధర 730 రూపాయలని, ఛత్తీస్‌గఢ్ అవే కిట్లను 337కే కొన్నదని తేలడంతో ప్రతిపక్షాలు దుమ్మెత్తిపోశాయి. ధర మీద అన్ని పత్రికలూ పేజీలకు పేజీలు రాశాయి. ఆ నెగటివ్ అన్న మాటకు అర్థమేమిటో, అది దేనికి పనికొస్తుందో రాసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

చీటీలాంటి ఈ కిట్లను పక్కన పెడదాం. ప్రయోగశాలలో చేసే ఎలైసా వీటికంటే ఎంతో మెరుగు. స్టాక్‌హోమ్‌లో ఇవా ఎంగ్వల్, పీటర్ పెర్ల్‌మన్ 1971లో బయటపెట్టిన పద్ధతి ఇది. 96 చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెం. గుంట అడుగున వైరస్ ప్రొటీన్ అంటించి ఉంటుంది. రక్తంలోంచి వేరుచేసిన సీరంను పలుచన చేసి అందులో పోస్తారు. ఆ వైరస్‌కు తగిన యాంటీబాడీలుంటే పట్టుకుని ఉండిపోతాయి, మిగతావి కడిగితే పోతాయి. ఉండిపోయినవాటికి ఒక ఎంజైమ్ తగిలించి, రంగు మారే రసాయనం పోస్తారు. నీలం, ఆమ్లం కలిపాక పసుపు. రంగు ఎంత చిక్కగా ఉందో యంత్రం కొలుస్తుంది.

అంటే ఎలైసా నిజానికి ఇచ్చేది ‘ఉంది-లేదు’ అనే జవాబు కాదు, ఒక అంకె. ఆ అంకె ఒక గీత దాటితే పాజిటివ్. ఆ గీత ప్రకృతిలో లేదు, మనం గీసింది. భూగర్భ గని పనివాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. గాలిలో మీథేన్ 1.25 శాతం దాటితే ఆ పనిచోట కరెంటు తీసెయ్యాలని నిబంధన. 1.2 దగ్గర గ్యాసు లేదని కాదు, 1.3 దగ్గర పేలుతుందనీ కాదు, ఎక్కడో ఒకచోట గీత ఉండాలి. కింద గీస్తే మాటిమాటికీ పని ఆగుతుంది, పైన గీస్తే ప్రాణాలు పోతాయి. యాంటీబాడీ పరీక్షలోనూ అంతే. గీతను కిందికి దించితే తక్కువ యాంటీబాడీలున్నవాళ్లూ దొరుకుతారు, వాళ్లతోపాటు అసలు ఆ వైరస్ సోకనివాళ్లు కొందరూ ‘పాజిటివ్’ అయిపోతారు. పైకి జరిపితే ఆ తప్పు తగ్గి, నిజంగా సోకినవాళ్లు జారిపోతారు. రెండు తప్పుల్నీ ఒకేసారి సున్నా చేసే గీత లేదు.

పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ తయారుచేసిన ‘కోవిడ్ కవచ్’ మన దేశపు మొదటి కరోనా ఎలైసా. 2020 మేలో వచ్చింది. రెండున్నర గంటల్లో 90 నమూనాలు చూడగలదు. సోకినవాళ్లలో 92.37 శాతం మందిని పట్టుకుంటుంది. సోకనివాళ్లలో 97.9 శాతం మందిని సరిగ్గా ‘లేదు’ అంటుంది. మొదటిదాన్ని సున్నితత్వం అంటారు, రెండోదాన్ని నిర్దిష్టత. వింటే రెండూ ఘనంగానే ఉన్నాయి. నూటికి 97.9 అంటే పిల్లలు తెచ్చే మార్కుల్లో మొదటి ర్యాంకు.

ఇప్పుడు కాగితం మీద ఒక గనిని తీసుకుందాం. హాజరుపట్టీలో (ముస్టర్) వెయ్యిమంది. 2020 మే-జూన్‌లో ఐసీఎంఆర్ జరిపిన మొదటి జాతీయ సీరో సర్వేలో (రక్తంలో యాంటీబాడీలు వెతికే సర్వేలో) దేశంలోని పెద్దవాళ్లలో 0.73 శాతం మందికి కరోనా సోకిందని తేలింది. ఆ లెక్కన మన వెయ్యిమందిలో సోకినవాళ్లు 7 మంది. కవచ్ వాళ్లను దాదాపు అందర్నీ పట్టుకుంటుంది. మిగిలిన 993 మందిలో 2.1 శాతం, అంటే 21 మందిని కూడా తప్పుగా పాజిటివ్ అంటుంది. చేతికి పాజిటివ్ కాగితం అందేది మొత్తం 28 మందికి. అందులో నిజం 7. కాగితం చూసి ‘నాకు వచ్చిపోయింది’ అని మాస్కు తీసేసే ప్రతి నలుగురిలో ముగ్గురికి అసలు ఏమీ రాలేదు. పరీక్ష ఏమీ మోసం చేయలేదు, తాను చెప్పినట్టే 97.9 శాతం సరిగ్గా పనిచేసింది. జబ్బు అరుదుగా ఉన్నప్పుడు చిన్న తప్పు కూడా పెద్ద గుంపు మీద పడి నిజాన్ని మింగేస్తుంది.

ఏడాది గడిచి, అదే గనిలో 600 మందికి సోకిందనుకోండి. అప్పుడు 554 మందిని కవచ్ సరిగ్గా పట్టుకుంటుంది. తప్పు పాజిటివ్‌లు 8 మాత్రమే. పాజిటివ్ కాగితాన్ని ఇక నమ్మవచ్చు. కానీ ఇప్పుడు నెగటివ్ కాగితం అందిన 438 మందిలో 46 మందికి నిజానికి వచ్చిపోయింది. అంటే పదిమందిలో ఒకరికి. కిట్ అదే, పళ్లెం అదే, గీత అదే. మారింది ఊళ్లో జబ్బు ఎంత ఉందన్నదే. మరి ఊళ్లో జబ్బు ఎంత ఉందో తెలుసుకోవడానికే కదా ఈ పరీక్ష? ఈ చిక్కుముడిని విప్పే దారి ఉంది. ఆ పరీక్ష ఎంత తప్పు చేస్తుందో ముందే తెలుసు కాబట్టి, వచ్చిన శాతంలోంచి ఆ తప్పును లెక్కకట్టి తీసేయవచ్చు. రోగన్, గ్లాడెన్ అనే ఇద్దరు 1978లో దీనికి సూత్రం ఇచ్చారు. కవచ్‌తో 10 శాతం పాజిటివ్ వస్తే అసలు శాతం 8.75 దగ్గర. 2.1 శాతమే వస్తే, అసలు జబ్బే లేకపోయినా అంత వచ్చేదే. అయితే సూత్రం గుంపు మొత్తాన్ని సరిచేస్తుంది. ఆ 28 మందిలో ఆ ఏడుగురెవరో మాత్రం చెప్పలేదు.

ఐసీఎంఆర్ శాస్త్రవేత్తలకు ఈ గండం ముందే తెలుసు. అందుకే మొదటి సర్వేలో కవచ్‌లో పాజిటివ్ వచ్చిన నమూనాలను యూరోఇమ్యూన్ అనే ఇంకో కంపెనీ కిట్‌తో మళ్లీ చూశారు. రెండింటిలోనూ వస్తేనే పాజిటివ్. కవచ్‌లో చంపిన వైరస్ మొత్తాన్ని వాడతారు, రెండోదాంట్లో స్పైక్ ప్రొటీన్ ముక్కనే. రెండూ ఒకే మనిషి దగ్గర ఒకే కారణంతో పొరబడే అవకాశం తక్కువ. తెలంగాణలో ఈ సర్వేను హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ జరిపింది. కామారెడ్డి, జనగామ, నల్లగొండ, మూడు జిల్లాలు, ఒక్కో జిల్లాలో 10 చోట్ల 40 మంది చొప్పున, మొత్తం 1200 మంది. ఫలితం 0.33 శాతం. అంటే నలుగురు. కవచ్ ఒక్కటే వాడి ఉంటే 25 తప్పు పాజిటివ్‌ల మధ్య ఈ నలుగురూ కనపడకుండా పోయేవాళ్లు, మనం రాష్ట్రంలో జబ్బు ఏడింతలు ఉందని నమ్మేవాళ్లం.

అవే మూడు జిల్లాల్లో మూడో విడత, 2020 డిసెంబరు ప్రాంతంలో, 24.1 శాతం. నాలుగో విడత, 2021 జూన్‌లో, 60.1 శాతం. ఒకే చోట మళ్లీ మళ్లీ చూడటంలో ఉన్న బలం ఇది. ఒక్క అంకె మీద ఎంత వాదులాడుకున్నా, మూడు అంకెల వరుసను కాదనడం కష్టం.

ఇక్కడ మన బొగ్గుగనుల ప్రాంతపు (కోల్‌బెల్ట్) పాఠకుడు ఆగి అడగాల్సిన మాట ఒకటుంది. ఆ మూడు జిల్లాల్లో మన పెద్దపల్లి లేదు. పొలాలున్న జనగామ అంకెను తెచ్చి గనులున్న గోదావరిఖనికి అతికించవచ్చా? నేనైతే అతికించను. ఇక్కడ భూగర్భ గనిలో పదుల మంది ఒకే గాలిని పంచుకుంటూ పనిచేస్తారు. ఎన్‌టీపీసీలో పర్మనెంట్ ఉద్యోగికి టౌన్‌షిప్‌లో విడి క్వార్టర్ ఉంటుంది. గేటు బయట బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చిన కాంట్రాక్టు కార్మికులు ఒక్కో గదిలో చాలామంది సర్దుకుంటారు. రెండిళ్ల మధ్య దూరం ఒక ప్రహరీగోడే, సోకే అవకాశంలో తేడా మాత్రం చాలా ఎక్కువ. ఇంకో సంగతి. ఇంటింటి సర్వే సాధారణంగా పగటిపూట జరుగుతుంది. షిఫ్టుల ఊళ్లో పగలు తలుపు కొడితే తీసేదెవరు? మొదటి షిఫ్టువాడు గనిలో ఉంటాడు, రాత్రి షిఫ్టువాడు నిద్రలో ఉంటాడు. రెండో షిఫ్టువాడు దొరికితే దొరకొచ్చు. రక్తం ఇచ్చేది ఎక్కువగా ఇంట్లో ఉన్న ఆడవాళ్లు, పింఛనుదారులు. పరీక్ష నూటికి నూరు సరైనదే అయినా, అడిగినవాళ్లే వేరైతే జవాబు వేరవుతుంది. కిట్ తప్పులను సరిచేసే సూత్రం ఉంది, తలుపు తీయనివాళ్లను లెక్కలోకి తెచ్చే సూత్రం అంత సులువుగా దొరకదు. ఈ ప్రాంతంలో సర్వే చేస్తే ముస్టర్ దగ్గర, మూడు షిఫ్టుల్లోనూ, కాంట్రాక్టు లేబర్ గేటు దగ్గర కూడా నమూనాలు తీయాలని నా వాదన.

ఇక హైదరాబాద్. 2021 మార్చి మొదట్లో సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి 30 వార్డుల్లో దాదాపు 9 వేల మంది రక్తం చూసి, నగరంలో 54 శాతం మందికి యాంటీబాడీలున్నాయని చెప్పాయి. వాళ్లలో నాలుగింట మూడొంతుల మందికి తమకు కరోనా సోకిన సంగతే తెలియదు. నగర జనాభా కోటి అనుకుంటే 54 లక్షలు. అప్పటికి రాష్ట్రం మొత్తం మీద అధికారికంగా నమోదైన కేసులు 3 లక్షల దగ్గర. ముక్కులో పుల్ల పెట్టి చూసిన లెక్క ఎంత కొంచెమో, కనపడకుండా సాగినది ఎంతో యాంటీబాడీ పరీక్ష తప్ప ఇంకేదీ ఇంత తేటగా చూపలేదు. ఈ పరీక్షకు జేజేలు కొట్టాల్సిన చోటు ఇదే.

చాలామంది ఆ అంకెను ఇంకోలా చదివారు. సగం మందికి వచ్చిపోయింది, ఇక తగ్గుముఖమే, సామూహిక రోగనిరోధకత దగ్గరపడింది అని. ఏప్రిల్‌లో రెండో అల విరుచుకుపడింది. ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం కాళ్లావేళ్లా పడ్డ నెలలు అవి. ఢిల్లీలోనూ అదే జరిగింది. అక్కడ జనవరి సర్వేలో 56.13 శాతం, ఏప్రిల్‌లో చితులకు చోటు లేదు. అంతకుముందే బ్రెజిల్‌లోని మనావుస్ ఈ పాఠం చెప్పింది. 2020 అక్టోబరు నాటికి అక్కడ 76 శాతం మందికి సోకిందని రక్తదాతల నమూనాలను బట్టి అంచనా కట్టారు. 2021 జనవరిలో ఆ నగరంలో ఆసుపత్రుల్లో ఆక్సిజన్ అయిపోయింది.

అంకెలు తప్పా? పూర్తిగా కాదు. 54 శాతానికి ఉంటే 46 శాతానికి లేదు. కోటి మందిలో ఆ 46 లక్షలు వైరస్‌కు చాలినంత మేత. పైగా అప్పటికే వైరస్ మారింది. మహారాష్ట్రలో 2020 చివర్లో కనపడిన డెల్టా రకం అంతకుముందు రకాల కంటే వేగంగా అంటుకుంటుంది, పాత యాంటీబాడీలను కొంత తప్పించుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యమైనది, ఎలైసా పళ్లెంలో ప్రొటీన్‌కు అంటుకున్న ప్రతి యాంటీబాడీ వైరస్‌ను ఆపగలిగేది కాదు. వైరస్ కణంలోకి దూరకుండా నిజంగా అడ్డుకునే వాటిని తటస్థీకరించే యాంటీబాడీలు అంటారు. వాటిని కొలవాలంటే బతికున్న కణాల మీద వైరస్‌ను వదిలి చూడాలి. అంత జాగ్రత్తగల ప్రయోగశాలలు దేశంలో కొన్నే. కాలనీ ల్యాబ్ ఇచ్చే కాగితంలోని ‘రియాక్టివ్’ అన్న మాట రక్షణకు హామీ కాదు. ఇటు చూస్తే, యాంటీబాడీ తగ్గిపోయినా జ్ఞాపకశక్తి గల బి-కణాలు, టి-కణాలు శరీరంలో ఉండి, మళ్లీ వైరస్ వస్తే పనిలోకి దిగుతాయి. వాటిని ఈ పరీక్ష చూడనే చూడదు. కాబట్టి ‘నాన్ రియాక్టివ్’ అన్నా రక్షణ లేదని కాదు.

స్వల్పంగా వచ్చి పోయినవాళ్ల సంగతి ఇంకా కష్టం. కిట్ల సున్నితత్వాన్ని చాలావరకు ఆసుపత్రిలో చేరినవాళ్ల రక్తంతో కొలుస్తారు, దొరికేది వాళ్లే కాబట్టి. తీవ్రంగా జబ్బుపడినవాళ్లలో యాంటీబాడీలు దండిగా ఉంటాయి. లక్షణాలే లేని కుర్రాడికి కొంచెమే తయారవుతాయి, కొన్ని నెలల్లో గీత కిందికి జారతాయి. అతని మీద ఆ 92 శాతం వర్తించదు. మార్చిలో వచ్చిందో లేదో అని డిసెంబరులో పరీక్షకు వెళ్లినవాడికి నెగటివ్ వస్తే, అది ‘రాలేదు’ కావచ్చు, ‘వచ్చి గుర్తు చెరిగింది’ కావచ్చు. కాగితం మీద రెండూ ఒకేలా ఉంటాయి.

టీకాలు వచ్చాక ప్రశ్నే మారిపోయింది. యాంటీబాడీ ఉంది సరే, జబ్బు వల్లనా, సూది వల్లనా? 2021 జూన్ నాటి 60.1 శాతంలో ఈ రెండూ కలిసి ఉన్నాయి. విడదీసే ఉపాయం ఒకటుంది. కోవిషీల్డ్ శరీరానికి చూపించేది వైరస్ పైనున్న స్పైక్ ప్రొటీన్‌నే. వైరస్ లోపల ఉండే ఎన్ ప్రొటీన్ ఆ టీకాలో లేదు. అందుచేత కోవిషీల్డ్ వేసుకున్నవాడి రక్తంలో ఎన్‌కు యాంటీబాడీలుంటే అవి జబ్బు తెచ్చినవే. హెపటైటిస్-బి విషయంలో వైద్యులు ఏళ్లుగా వాడుతున్న ఉపాయమే ఇది: పైపొర ప్రొటీన్‌కు మాత్రమే యాంటీబాడీ ఉంటే టీకా, లోపలి ప్రొటీన్‌కు కూడా ఉంటే ఎప్పుడో సోకింది. చక్కని ఉపాయమే, మన దగ్గరికొచ్చేసరికి తిరకాసు పడింది. హైదరాబాద్ శివార్లలోని జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్ చంపిన వైరస్ మొత్తంతో చేసిన టీకా. అందులో స్పైకూ ఉంది, ఎన్‌ కూడా ఉంది. కోవాగ్జిన్ వేసుకున్న మనిషి రక్తంలో ఎన్‌కు యాంటీబాడీ కనపడితే అది సూదిదో జబ్బుదో ఈ పద్ధతితో తేల్చలేం. విదేశీ వ్యాసాల్లో చదివిన సలహాను ఇక్కడ ఉన్నపళంగా వాడబోతే ఇలాగే బోల్తా పడతాం.

అందరికీ ఒకే తీరు వర్తించదనడానికి వేరే వైరస్‌లూ ఉన్నాయి. హెచ్ఐవీ శరీరం వదలదు కాబట్టి, పెద్దవాళ్లలో దాని యాంటీబాడీ నిర్ధారణ అయితే వైరస్ ఇప్పుడూ ఉన్నట్టే. హెపటైటిస్-సి కొందరిలో దానంతట అదే పోతుంది, మందులతోనూ పోతుంది. యాంటీబాడీ మాత్రం ఉండిపోతుంది. ఉందో పోయిందో చెప్పాలంటే వైరస్ జన్యుపదార్థాన్నే వెతకాలి. పసిబిడ్డ రక్తంలో తల్లి యాంటీబాడీలు ఏడాదిన్నర వరకూ ఉండవచ్చు, అవి బిడ్డకు సోకిందని చెప్పవు.

కోల్‌బెల్ట్‌లో కరోనా కంటే ఎక్కువసార్లు ఈ పరీక్ష జరిగేది డెంగీకి. వానాకాలంలో ఓపెన్‌కాస్ట్ గుంతల్లో, క్వార్టర్ల వెనక డ్రమ్ముల్లో నీళ్లు నిలిచి, ఆర్ఎంపీ నుంచి పెద్దాసుపత్రి దాకా అందరూ ఎన్ఎస్1, ఐజీఎం, ఐజీజీ అని మూడు గీతల చీటీ రాసిస్తారు. ఎన్ఎస్1 వైరస్ ప్రొటీన్, జ్వరం మొదటి రోజుల్లోనే దొరుకుతుంది. ఐజీఎం నాలుగైదు రోజులు గడిచాక. ఐజీజీ ఒక్కటే కనపడితే? ఎక్కువసార్లు అది ఎప్పటిదో డెంగీ గుర్తు. 2017-18లో ఐసీఎంఆర్ 15 రాష్ట్రాల్లో జరిపిన సర్వేలో, 5 నుంచి 45 ఏళ్ల వాళ్లలో దేశం మొత్తం మీద 48.7 శాతం మందికి, దక్షిణాదిన 76.9 శాతం మందికి డెంగీ ఎప్పుడో ఒకప్పుడు సోకినట్టు తేలింది. నలుగురిని పిలిస్తే ముగ్గురికి ఐజీజీ ఉండే ప్రాంతంలో, ఇవాళ్టి జ్వరానికి ఐజీజీ గీతను చూపించి ‘డెంగీ’ అనడం రోగికి ఖర్చు తప్ప వైద్యం కాదు.

పైగా ఈ గీతలు ఒకదాన్ని ఇంకొకటిగా చూపిస్తాయి. డెంగీ, జికా, జపనీస్ మెదడువాపు ఒకే కుటుంబం వైరస్‌లు. ఒకదాని యాంటీబాడీ ఇంకొకదాని ప్రొటీన్‌కూ అంటుకుంటుంది. ఒకే కుటుంబం కానివి కూడా కొన్నిసార్లు పొరబడేలా చేస్తాయి. 2020 మొదట్లో సింగపూర్‌లో ఇద్దరు రోగులకు ర్యాపిడ్ డెంగీ పరీక్ష పాజిటివ్ వచ్చింది, నిజానికి వాళ్లకున్నది కరోనా. కోల్‌కతాలో శాస్త్రవేత్తలు 2017లో, అంటే కరోనా పుట్టకముందు దాచిన 13 డెంగీ సీరం నమూనాలను కరోనా ర్యాపిడ్ కిట్‌లో వేస్తే 5 పాజిటివ్ చూపాయి. కరోనా కిట్ నిర్దిష్టతను డెంగీ లేని దేశంలో కొలిస్తే ఒక అంకె వస్తుంది, వానాకాలం రామగుండంలో కొలిస్తే ఇంకో అంకె రావచ్చు.

ఇంత వదులు సాక్ష్యం మీద ఒక మనిషి ప్రాణానికి సంబంధించిన నిర్ణయం ఆధారపడిన సందర్భం నిజంగానే వచ్చింది. డెంగ్‌వాక్సియా అనే డెంగీ టీకాను 2016 నుంచి ఫిలిప్పీన్స్‌లో 8 లక్షలకు పైగా బడిపిల్లలకు వేశారు. 2017 నవంబరులో దాని తయారీ సంస్థ సనోఫీ ఒక మాట బయటపెట్టింది. అంతకుముందు ఒకసారి డెంగీ వచ్చినవాళ్లకు టీకా మేలు చేస్తుంది. ఎప్పుడూ రానివాళ్లకు టీకా వేస్తే, తర్వాత డెంగీ సోకినప్పుడు అది తీవ్రమయ్యే ముప్పు పెరుగుతుంది. శరీరం టీకానే మొదటి ఇన్ఫెక్షన్‌గా తీసుకుంటుంది, డెంగీలో రెండోసారే ఎక్కువ ప్రమాదం. ఇప్పుడు ‘నాకు వచ్చిపోయిందా?’ అన్నది కుతూహలం కాదు, సూది వేయాలా వద్దా అన్న ప్రశ్న.

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా మార్చింది. ముందు యాంటీబాడీ పరీక్ష చేసి, పాజిటివ్ వచ్చినవాళ్లకే టీకా. అది కుదరకపోతే, 9 ఏళ్ల వయసుకే కనీసం 80 శాతం మందికి సోకిన ప్రాంతాల్లో మాత్రమే. పైన చెప్పిన ఐసీఎంఆర్ సర్వేలో మన దేశపు 9-17 ఏళ్ల పిల్లల్లో అది 41 శాతం. అంటే ఇక్కడ ఊరి అంకె మీద ఆధారపడి వేయడానికి వీల్లేదు, ఒక్కో పిల్లనూ చూడాలి. అలా చూసే పరీక్షలో గీత ఎక్కడ గీయాలి? కరోనా సర్వేలో ఒకరిద్దరు తప్పు పాజిటివ్‌లైతే అంకె కొంచెం పెరుగుతుంది, సూత్రంతో సరిచేస్తాం. ఇక్కడ తప్పు పాజిటివ్ అంటే ఎప్పుడూ డెంగీ రాని పిల్లకు సూది వేయడం. తప్పు నెగటివ్ అంటే ఒకసారి డెంగీ వచ్చిన పిల్లకు టీకా దక్కకపోవడం, దోమతెర కింద ఎప్పటిలాగే ఉండటం. మొదటిది మనం చేసిన కీడు, రెండోది చేయలేకపోయిన మేలు. అందుకని ఈ పని కోసం కిట్ కొనేవాడు ముందు అడగాల్సింది నిర్దిష్టత అంకె. అది జికా, మెదడువాపు యాంటీబాడీలున్న రక్తంతో కొలిచిందేనా అన్నది ఆ వెంటనే అడగాల్సింది. ఎంత త్వరగా ఫలితం ఇస్తుంది, ఎంత ఖరీదు అన్నవి ఆ తర్వాత.